మూయని గీత

చదివేవాళ్ళకు ముందే ఒక మాట. నేను అక్షరాలు దిద్దింది యాభై ఆరో ఏట, నా భర్త పోయిన తరువాత. ఒత్తు ఉండాల్సిన చోట లేకపోయినా, అక్కర్లేని చోట ఉన్నా మన్నించండి. నా రాత నెమ్మది. ఈ కథకు రెండు వానాకాలాలు పట్టాయి. ఇందులో చెప్పిన చేతిపొరను ఇంతవరకూ ఎవరూ కనిపెట్టలేదు. కనిపెట్టక ముందే ఎవరో ఒకరు రాసిపెట్టడం మంచిదనిపించి రాశాను.

*

కుప్పమ్మ శ్రీకాళహస్తికి కాపురానికి వచ్చిన మూడో నాటి సాయంత్రం, మొగుడు చెంగల్రాయుడు ఒక గుడ్డ పీలిక తెచ్చి ఆమె ముందు పరిచాడు. వాళ్ళది కలంకారీ వేసే ఇల్లు. దేవుళ్ళ బొమ్మలకోసం కరక్కాయ నీళ్ళలో, పాలలో నానబెట్టి ఆరేసిన గుడ్డకు కోసేసిన అంచు అది. కాల్చిన చింతపుల్ల బొగ్గుతో దానిమీద ఒక వంకర గీత గీసి, బొగ్గు ఆమె చేతిలో పెట్టాడు.

"ఏందిది?" అంది కుప్పమ్మ.

"నీ వంతు."

"నాకు బొమ్మలు రావు."

"బొమ్మ వెయ్యమన్నానా? నా గీత కొస పట్టుకోని కొంచెం దూరం పో. పొయ్యి ఆడ కొస విడిచిపెట్టు. మళ్ళీ నేనొచ్చి పట్టుకుంటా."

ఆ ఇంట్లో దాన్ని కొసాట అనేవాళ్ళు. చెంగల్రాయుడూ, వాళ్ళ అన్నలూ పని దించిన తరువాత చీకటి పడేదాకా ఆడుకున్న ఆట. ఏం గీస్తున్నావని అడగకూడదు. గీసింది తుడవకూడదు. గీత తిరిగి తిరిగి వచ్చి తన్ను తానే తాకి మూసుకుపోయిందా, మూసినవాడు ఓడినట్టు. అప్పుడు గెలిచినవాడు ఆ మూసిన గీత లోపల బొటనవేలితో బొగ్గు ముద్ర వేసి, బొగ్గు కింద పెట్టేస్తాడు. ఓడినవాడు గుడ్డను స్వర్ణముఖి ఏటికి మోసుకుపోయి ఉతుక్కు రావాలి.

చెంగల్రాయుడు చిన్నప్పుడు చాలా గుడ్డలు ఉతికాడు. పెళ్ళాంతో మాత్రం ఒక్కసారీ ఉతకలేదు, ఆమెచేత ఉతికించలేదు. ఇద్దరిలో ఎవరూ మూయలేదు మరి. పీలిక నిండితే దానికి ఇంకో పీలిక కుట్టుకున్నారు. ముప్ఫై ఒక్క ఏళ్ళు ఒకటే గీత నడిచింది. చుట్ట చుడితే తలగడంత లావు అయింది. చుట్ట లోపల పాత బొగ్గంతా రాసుకుని, చెదిరి, మబ్బు పట్టినట్టు బూడిదరంగు మిగిలింది. గుర్రమో, చేపో, పూలతీగో ఏదీ తెలిసేది కాదు. తాజాగా ఉండేది చివరి కొస ఒక్కటే. వాళ్ళకు కావలసిందీ అదొక్కటే.

చెంగల్రాయుడికి ఒక కొంటెతనం ఉండేది. కొసను తీసుకొచ్చి తీసుకొచ్చి కుప్పమ్మ మోకాలి కింద విడిచేవాడు. ఆమె కూర్చున్నచోటు నుంచి లేచి జరిగితేగాని దొరకదు.

"నడుం నొప్పిగా ఉండాదంటే లేపుతావు గదయ్యా!" అని ఆమె తిట్టేది.

"కూర్చున్నచోటే కూర్చుంటే మొలకలొస్తాయే," అని ఆయన నవ్వేవాడు.

వాళ్ళకు ఒకతే కూతురు, జ్ఞానప్రసూన. ఆ పిల్లకు ఈ ఆట పడేది కాదు. బొగ్గు చేతికిస్తే గుండ్రంగా తిప్పి "ఇదో లడ్డు" అనేది. "ఓడిపోతివే!" అని తండ్రి వేలిముద్ర వేసేవాడు. ప్రసూనకు ఏట్లో దిగడం ఇష్టం గనక ఓడిపోవడం కూడా ఇష్టమే. పెద్దయ్యాక ఆమె రంగులు దిద్దడంలో మంచి పనిమంతురాలయింది, గీత మాత్రం నిలబడలేదు. గీత నాయనది, రంగు బిడ్డది. ఇల్లు అట్లా నడిచింది.

చెంగల్రాయుడి ఊపిరితిత్తులు పాడైన ఏడు, తిరుపతి నుంచి వకుళ అనే డాక్టరమ్మ వాళ్ళింటికి వచ్చింది. గాజుపెట్టెలో మీగడ తరకలాంటిది ఒకటి తెచ్చింది. తాకితే చల్లగా, కొంచెం జిగటగా ఉంది.

"దీన్ని చేతికి తొడిగితే కనబడదు, అడ్డం రాదు. ఆరు నెలలు ఆ చెయ్యి చేసే పనంతా నేర్చుకుంటుంది. తరువాత తీసి చలవపెట్టెలో దాచిపెడతాం. పక్షవాతం వచ్చినవాళ్ళకు పని మళ్ళీ నేర్పాలని తయారుచేశాం. ఇప్పుడు మీలాంటి పనిమంతుల చేతివిద్య పోకుండా దాస్తున్నాం. ఇంకొకరి చేతికి తొడిగితే, ఆ వేడికి నిద్ర లేచి, నేర్చుకున్న పని చేయిస్తుంది."

"ఊరికే చేయిస్తానే ఉంటాదా?" అన్నాడు చెంగల్రాయుడు, ముక్కుకు పెట్టిన గాలిగొట్టం సర్దుకుంటూ.

"లేదండీ. పని అయిపోతే అదే నిద్రపోతుంది. ఒక దర్జీ పొరను వాళ్ళబ్బాయికి వేశాం. కుట్టు పూర్తయి ముడివేసి దారం తెంపగానే చెయ్యి వదులైపోయింది. అట్లా కొన్నిసార్లు నిద్రపోయాక ఎండి, రాలిపోతుంది. మీరు రోజూ పని చేస్తున్నారు కదా?"

చెంగల్రాయుడు పెళ్ళాం మొహం చూశాడు. ఆయన పని మానేసి అప్పటికే రెండు నెలలు. గోడకు మేకు కొట్టి బిగించిన గుడ్డ మీద సగం గీసిన రథం అట్లాగే ఉంది. నిలబడి గీసే ఓపిక లేదు. రోజంతా మంచంమీద పడుకుని, సాయంత్రం కాసేపు కొసాట ఆడేవాడు, అంతే.

"చేస్తా ఉండాడమ్మా," అంది కుప్పమ్మ. "పొద్దస్తమానం బొమ్మలే."

కలం పట్టిన ఇంటి మగవాడు పని దించేశాడని బయటి మనిషికి చెప్పడానికి ఆమెకు నోరు రాలేదు. ఆటను గురించి చెప్పాలని అసలు తోచనే లేదు. అది పనా ఏమన్నానా, చెప్పుకోవడానికి?

*

ఆరు నెలలు గడిచాయి. పొర తీసి చలవపెట్టెలో పెట్టిన పదకొండో రోజున చెంగల్రాయుడు పోయాడు.

గోడమీది రథం సగంలోనే ఉంది. ప్రసూన దాని ముందు నిలబడి కలం ముంచేది, గుడ్డకు ఆనించకుండానే దించేసేది. ఏడాది తిరిగాక ఒకనాడు చేటలో బియ్యం ఏరుతున్న తల్లి దగ్గరికొచ్చి కూర్చుంది.

"అమ్మా, నేను నాయన పొర వేయించుకుంటా."

"ఎందుకే? రంగు చాలదా నీకు?"

"రంగు పొయ్యడానికి గీత ఉండాల గదా. ఆ రథం ఒక్కటి పూర్తి చేస్తే చాలు."

కుప్పమ్మ వద్దనలేదు. వద్దనకపోవడానికి కారణం రథం కాదని ఆమెకు తెలుసు.

తిరుపతిలో పొర తొడిగించుకుని వచ్చిన మర్నాడు పొద్దున, ప్రసూన కలం ముంచి రథం ముందు నిలబడింది. చెయ్యి లేవలేదు. ఎంతసేపు చూసినా లేవలేదు. విసుగుపుట్టి కింద కూర్చుంటే, పక్కన పడి ఉన్న చింతబొగ్గు ముక్కకోసం వేళ్ళు వాటంతట అవే పోయాయి. కుప్పమ్మ చూసింది. లోపలికి పోయి, తలగడంత చుట్టను తెచ్చి, చివరి పీలిక పరిచింది. ఏడాదిగా అక్కడే ఆగిపోయి ఉన్న కొస మీద బొగ్గు ఆనించి, కొంచెం దూరం గీసి విడిచిపెట్టింది.

ప్రసూన చెయ్యి వచ్చి దాన్ని పట్టుకుంది. తొణకలేదు, తడబడలేదు. వంపు తిరిగి, పైకి లేచి, దిగి, తిన్నగా వచ్చి కుప్పమ్మ మోకాలి కింద ఆగింది.

కుప్పమ్మ కదలకుండా కూర్చుండిపోయింది.

"లెయ్యమ్మా," అంది ప్రసూన. ఆమె కళ్ళనిండా నీళ్ళు. "లేపకుండా విడిచిపెడతాడా నాయన?"

"కొంటె సచ్చినోడు," అని కుప్పమ్మ లేచి జరిగి కూర్చుంది. ఏడాది తరువాత మొదటిసారి నవ్వింది.

ఆ సాయంత్రందాకా ఆడారు. దీపాలు పెట్టే వేళకు కుప్పమ్మ చుట్ట చుట్టేసింది. ప్రసూన చెయ్యి మాత్రం ఆగలేదు. గచ్చు మీద గీసింది. కంచంలో అన్నం పెడితే చారులో వేలు ముంచి కంచం అంచంతా గీసింది. ప్రసూన నవ్వుతూ ఎడమచేత్తో తింది. నిద్రపోతున్నప్పుడూ చాపమీద గోళ్ళు గీరుతూనే ఉన్నాయి. మర్నాడూ అంతే. మూడోనాటికి వేళ్ళు వాచాయి, గోళ్ళ సందుల్లో నెత్తురు కనబడింది.

"ఆగమని చెప్పవే దానికి," అంది కుప్పమ్మ.

"చెప్తానే ఉండానమ్మా. నా మాట వింటే గదా."

మణికట్టు తాడుతో మంచం కోడుకు కడితే, కట్టిన చెయ్యి గింజుకుని భుజం బెణికింది. బొగ్గు చేతికిస్తే నొప్పి కొంత తగ్గినట్టుండేది. కుప్పమ్మ బొగ్గు ఇచ్చి, ఎదురుగా కూర్చుని తన వంతు తాను గీసేది. బిడ్డ బాధ తగ్గించడానికే ఆడుతున్నానని అనుకునేది. అందులో సగమే నిజం. మిగతా సగంకోసం ఆమె రెండు రోజులు డాక్టరమ్మకు కబురు చెయ్యకుండా జాగు చేసింది.

*

తిరుపతి ఆసుపత్రిలో వకుళ, ప్రసూన చెయ్యి మొద్దుబారడానికి సూది వేసింది. నాలుగు గంటలు చెయ్యి చచ్చినట్టు పడి ఉంది. మందు దిగగానే తెల్లటి ఆసుపత్రి దుప్పటి మీద వేలు నడవసాగింది. యంత్రంలో చెయ్యి పెట్టించి చూసి, వకుళ బయటికొచ్చి కుప్పమ్మ పక్కన బల్లమీద కూర్చుంది.

"నిద్రపోతే పొర పైనే ఉంటుందమ్మా. ఇది ఒక్కసారీ నిద్రపోలేదు, మెలకువగా ఉంటే ఊడి రాదు. నరాల్లోకి వేర్లు దింపుతోంది. ఇవాళ ఆరో రోజు. తొమ్మిది దాటితే కోసి తియ్యాలి. తీస్తే అమ్మాయి చేతికి స్పర్శ ఉండదు. మళ్ళీ కలం కాదు, చెంచా కూడా పట్టలేదు."

కుప్పమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నాకొకటి అర్థం కావడం లేదు," అంది వకుళ. "ఆయన ఆరు నెలలు బొమ్మలు వేశారు కదా. ఒక్కటైనా పూర్తయి ఉంటుంది కదా. పని పూర్తవడమంటే ఏమిటో దీనికి ఎందుకు తెలియదు?"

అప్పుడు చెప్పింది కుప్పమ్మ. పని మానేసిన సంగతి, కొసాట సంగతి, ముప్ఫై ఒక్క ఏళ్ళ చుట్ట సంగతి, అన్నీ. ఆరోజు అబద్ధం ఎందుకు చెప్పిందో కూడా చెప్పింది. తలుపు తెరిచే ఉంది. లోపల ప్రసూన వింటూనే ఉంది.

వకుళ కోప్పడుతుందేమోనని కుప్పమ్మ ఎదురుచూసింది. కోప్పడితే బాగుండుననిపించింది.

"తప్పు నాది కూడా," అంది వకుళ. "అడిగానే గాని పక్కన కూర్చుని చూడలేదు. కొస విడవడం ఒక్కటే దీనికొచ్చిన విద్య. ఆపడం మనం నేర్పనే లేదు."

"ఒకసారి ఆపినాడు," అని లోపలినుంచి ప్రసూన గొంతు వచ్చింది. "పొర చేతికున్నప్పుడే, అమ్మ సంతకు పొయ్యిన దినం నాతో ఆడినాడు, వేరే పీలిక మీద. నేను లడ్డు చుట్టేస్తి. ముద్ర వేసి బొగ్గు దించేసినాడు. 'ముప్ఫై ఏండ్లొచ్చినా నీకు ఆడను రాలేదే' అన్నాడు."

వకుళ లేచి లోపలికి పరిగెత్తినంత పని చేసింది. కాగితంమీద ప్రసూన వేలు విడిచిన కొసను పెన్సిలుతో పట్టుకుని గుండ్రంగా మూసింది. ప్రసూన చెయ్యి ఆ గీతను అసలు చూడనట్టే దాటుకుని పోయింది. ప్రసూన ఎడమచేత్తో మూసి చూసింది. అదీ అంతే.

"బిడ్డ ఆడింది ఒక్క దినం," అంది గుమ్మంలో నిలబడ్డ కుప్పమ్మ. "ఆర్నెల్లూ ఎదురుగా ఉన్నది నేను. ఆయన చెయ్యి ఎదురుచూసేది నా గీతకోసమే."

వకుళ ఆమె వైపు తిరిగింది. "అయితే మీరే మూయాలి. కానీ ఒక్క సంగతి ముందే చెప్పాలి. ఇంత లోతుకు దిగినదాన్ని ఒకసారి నిద్రపుచ్చితే మళ్ళీ లేపకూడదు. ఎండి రాలిపోవాల్సిందే. ఇంకెవరికీ వేయడానికి పనికిరాదు." కొంచెం ఆగి, "అది ఆయన కాదమ్మా. ఆయన చేతి అలవాటు, అంతే," అంది.

"అలవాట్లు కాక మనిషంటే ఇంకేముంటాది డాక్టరమ్మా?" అంది కుప్పమ్మ.

*

బస్సులో శ్రీకాళహస్తికి పోయి చుట్ట తెచ్చేసరికి మర్నాడు మధ్యాహ్నమయింది. ఆసుపత్రి గదిలో మంచం పక్కకు జరిపి, నేలమీద చివరి పీలిక పరిచారు. ప్రసూనను గోడకు ఆనించి కూర్చోబెట్టారు. కుప్పమ్మ ఎదురుగా బాసీపట్టు వేసుకుని కూర్చుంది. మొదటి వంతులోనే మూసేస్తానని దారి పొడుగునా అనుకుంటూ వచ్చింది.

మూయలేదు. బొగ్గు తీసుకుని, కొస పట్టుకుని, కొంచెం దూరం పోయి విడిచింది. బిడ్డ చెయ్యి వచ్చింది. వాచి నల్లబడ్డ వేళ్ళు బొగ్గును ఎంత తేలికగా పట్టుకున్నాయో అంత తేలికగానే నడిచాయి. కొస వచ్చి మోకాలి కింద ఆగింది. కుప్పమ్మ లేచి జరిగింది. రెండో వంతు. మూడో వంతు. మంచినీళ్ళు తాగొచ్చినంతసేపు అని ఒకసారి, ఈ వంపు తిరిగేదాకా అని ఒకసారి తనకు తానే చెప్పుకుంది. ఇట్లా ఆరు వంతులు ఆడింది. వకుళ కిటికీ దగ్గర నిలబడి చూసింది.

ఆరో వంతులో చెయ్యి మోకాలి కిందికి రాబోతూ తడబడింది. కుప్పమ్మ తలెత్తి చూసింది. ప్రసూన కింది పెదవి కొరుక్కుని ఉంది, పంటి కింద నెత్తురు చుక్క. మొహంమీద చెమట. తల్లి చూస్తోందని తెలిసి పెదవి వదిలేసింది.

"ఇంకొక వంతు ఆడుకోమ్మా," అంది. "నేను ఓర్చుకుంటాలే."

కుప్పమ్మకు ఆ మాట చెంపమీద కొట్టినట్టయింది. కూర్చున్నచోటు నుంచి లేచి, మోకాలి కింద ఉన్న కొస మీద బొగ్గు ఆనించింది. గుండ్రంగా తిప్పింది. చిన్నప్పుడు ప్రసూన తిప్పినట్టే, లడ్డులాగే తిప్పింది. గీత వచ్చి గీతను తాకే ముందు వెంట్రుకవాసి దూరంలో ఒక్క క్షణం ఆగింది.

"ఏమయ్యా, నేను ఓడిపోతి," అని మూసింది.

ప్రసూన చెయ్యి గాల్లో నిలిచింది. చెయ్యి కొంచెం ముందుకొచ్చింది, వెనక్కి పోయింది, దారి వెతుక్కుంటున్నట్టు మూసిన గీత చుట్టూ తిరిగింది. అప్పుడు బొటనవేలు బొగ్గుమీద రాసుకుంది. గీత లోపల, కొంచెం ఎడమవైపుకు వాల్చి, మెత్తగా ఒత్తింది. చెంగల్రాయుడు ఎప్పుడూ అట్లాగే వాల్చి ఒత్తేవాడు. బొగ్గును పారెయ్యకుండా పీలిక అంచున నిదానంగా పడుకోబెట్టింది. తరువాత వేళ్ళు ఒక్కొక్కటే విచ్చుకున్నాయి.

ప్రసూన గోడకు తల ఆనించి, అట్లాగే నిద్రపోయింది. వారం రోజుల్లో చెయ్యి కదలకుండా పోయిన నిద్ర అదే మొదటిది.

*

పొర పన్నెండు రోజులకు ఎండింది. ఉల్లిపొట్టులాగా పాయలు పాయలుగా రాలింది. వకుళ దాన్ని కాగితంలో చుట్టి ఇస్తే కుప్పమ్మ తీసుకోలేదు. "మీరే ఉంచుకోండమ్మా. ఇంకొకరికి వేసేముందు దీన్ని చూసుకోండి," అంది. ప్రసూన చేతికి స్పర్శ నిలిచింది. చిటికెనవేలు మాత్రం వంగదు. మణికట్టు మునుపటంత తిరగదు. ఎప్పటికీ తిరగకపోవచ్చునని వకుళ దాచకుండా చెప్పింది.

ఆ నెల స్వర్ణముఖిలో నీళ్ళు పారుతున్నాయి. కుప్పమ్మ చుట్ట చంకన పెట్టుకుని ఏటికి బయల్దేరింది. ప్రసూన వెంట పోయింది.

"అన్నీ ఉతికేస్తావా?"

"ఓడినోళ్ళు ఉతకాల గదా."

"నాయన వేలిముద్ర అన్నా ఉంచుకోమ్మా."

"ముద్ర ఆయనది. వేలు నీది. నువ్వుండావు గదా, చాలు."

కుప్పమ్మ మోకాళ్ళ లోతు నీళ్ళలో దిగి చుట్ట విప్పింది. పీలిక వెంట పీలిక, కుట్టు వెంట కుట్టు, ముప్ఫై రెండేళ్ళు ప్రవాహంలోకి సాగాయి. బూడిదరంగు మబ్బులు గుడ్డను విడిచి నీళ్ళలో కలిసి పోయాయి. చివరి పీలికను అరచేతుల మధ్య పెట్టి ఆమె కాసేపు నిలబడింది. తరువాత దాన్నీ ముంచి, రెండుసార్లు రుద్ది, పిండింది.

ఇసుకమీద ఆరేసిన గుడ్డ ఒడ్డు పొడుగునా పచ్చగా, ఖాళీగా పడి ఉంది. ఎండ బాగా ఉంది, త్వరగానే ఆరింది. ప్రసూన కొంగుముడి విప్పి చింతబొగ్గు ముక్క ఒకటి తీసింది. గుడ్డ అంచున కూర్చుని ఎప్పటిలాగా గుండ్రంగా తిప్పబోయింది. మణికట్టు సగంలో పట్టేసింది. గీత మూసుకోలేదు. వంగని వేలు అడ్డుపడి, కొస పక్కకు జారి ఇసుక వైపు పోయింది.

ఇద్దరూ ఆ గీతవైపు చూశారు.

"ఇన్నాళ్ళకు ఆడను వచ్చిందే నీకు," అంది కుప్పమ్మ.

ప్రసూన నవ్వబోయి ఏడ్చింది, ఏడుస్తూనే నవ్వింది. బొగ్గు తల్లి చేతిలో పెట్టింది. కుప్పమ్మ తడిచీర మోకాళ్ళమీదికి దోపుకుని ఎదురుగా కూర్చుని, కొస ఎక్కడుందో వంగి చూసింది.

*

బత్తల అంకమ్మ, అరవై ఎనిమిదేళ్ళు. ఇప్పుడు ఉండేది నాయుడుపేటలో, చెల్లెలి దగ్గర.